విరేచనాలే కదా అన్నాం

2020 డిసెంబర్ మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి కింద పడిపోయారు. నోట్లో నురగ, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, కాసేపటికి లేచి ఏం జరిగిందో తెలియక బిత్తరచూపులు చూడడం. రోజుల వ్యవధిలో ఆరొందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, ఒక ప్రాణం కూడా పోయింది. ఢిల్లీ ఎయిమ్స్ నుంచి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీల నుంచి, ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి నిపుణులు కదిలారు. నీళ్ళు, పాలు, కూరగాయలు, నెత్తురు అన్నీ సీసాల్లో పట్టి ప్రయోగశాలలకు పంపారు. నెత్తుట్లో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. తరవాత పురుగుమందుల మీద అనుమానం వచ్చింది. కారణం మీద ఎంత వాదన నడిచినా, ఆ వారం మనం ప్రతి మనిషినీ లెక్కపెట్టాం. ఏ వీధి, ఎంత వయసు, ఏం తిన్నారు, ఎక్కడి నీళ్ళు తాగారు అని ఇంటింటికీ వెళ్ళి అడిగాం.

అదే ఊళ్ళో, ఆ చుట్టుపక్కల, అంతకు ముందూ ఆ తరవాతా, నెత్తురు విరేచనాలతో నెలల తరబడి చిక్కి శల్యమవుతున్న పిల్లలను మనం ఒక్కసారీ అలా అడగలేదు. వాళ్ళు ఒకే వారంలో, ఒకే వీధిలో పడిపోలేదు. ఒక్కొక్కరే, ఎవరింట్లో వాళ్ళు, బాత్రూం తలుపు వేసుకుని, ఎవరికీ చెప్పుకోలేక పడిపోయారు. అందుకని వాళ్ళ కోసం ఏ బృందమూ రాలేదు. బృందాలు రాకపోతే పోనీ, పక్కగదిలో ఉన్నవాళ్ళం మనం ఏం చేశాం?

ఆ జబ్బు పేరు ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, పొట్టిగా ఐబీడీ. అందులో ముఖ్యమైనవి రెండు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగును పట్టుకుంటుంది. మలాశయంలో మొదలై పైకి పాకుతూ లోపలి పొరను ఎడం లేకుండా పుండు చేస్తుంది. క్రోన్స్ జబ్బు నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. ఇక్కడ కొంత, అక్కడ కొంత, మధ్యలో బాగున్న పేగు. పైపొరతో ఆగదు, గోడ లోతుకంటా దిగి పక్క పేగులోకో చర్మం మీదికో దారి చేసుకుంటుంది. చిన్నపేగు వెళ్ళి పెద్దపేగును కలిసే చోటు దానికి మరీ అలవాటు. 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రి వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఒప్పెన్‌హైమర్ ముగ్గురూ కలిసి 14 మంది రోగుల వివరాలతో దీన్ని వర్ణించినప్పుడే, ఇది ఎక్కువగా వయసులో ఉన్నవాళ్ళకు వచ్చే జబ్బని రాశారు. ఇప్పటి లెక్కల ప్రకారం ఐబీడీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మందికి ఇరవై ఏళ్ళలోపే అది బయటపడుతోంది. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తి పేగులోని సూక్ష్మజీవుల మీద అదుపు తప్పి తిరగబడి, ఆ పోరులో పేగునే పాడుచేసుకుంటుంది. అంటుకునే జబ్బు కాదు. పరీక్షల భయంతో వచ్చేదీ కాదు. పూర్తిగా పోగొట్టే మందు లేదు గానీ అణిచి ఉంచే మందులు చాలానే ఉన్నాయి. ఎంత తొందరగా కనిపెడితే పేగు అంత మిగులుతుంది.

మరి మనం ఎందుకు కనిపెట్టలేదు? మన దగ్గర ప్రతిదానికీ జవాబు ముందే సిద్ధంగా ఉంది గనక.

కొల్లేరు సరస్సు లంకల్లో ఆ జవాబు నీళ్ళు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఏం మోసుకొస్తే అది కొల్లేట్లో కలుస్తుంది. పట్నాల మురుగు, చేపల చెరువుల నుంచి వదిలిన నీళ్ళు అందులోనే. బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. చుట్టూ నీళ్ళుండి బిందెడు మంచినీళ్ళకు కటకటలాడే ఊళ్ళలో పిల్లలకు విరేచనాలు కావడం వింతేం కాదు. అందుకే ఎవరింట్లో పిల్లవాడికి కడుపు చెడినా “నీళ్ళు పడలేదు” అనేస్తాం. చాలాసార్లు అది నిజం కూడా. నిజమే కాబట్టి నిజం కానప్పుడు పట్టుకోలేకపోయాం. ఈ జబ్బు చరిత్ర చూస్తే మన జవాబు ఎంత తిరగబడి ఉందో తెలుస్తుంది. ఐరోపాలో, అమెరికాలో ఐబీడీ పెరిగింది కుళాయి నీళ్ళు శుభ్రపడి, మురుగు కాలువలు భూమిలోకి వెళ్ళిన ఇరవయ్యో శతాబ్దంలో. ఇప్పుడు ఆసియా దేశాల్లో పెరుగుతున్నదీ తిండీ నివాసమూ మారుతున్న రోజుల్లోనే. ప్యాకెట్ తిండి, పసితనం నుంచీ అయినదానికీ కానిదానికీ వాడే యాంటీబయాటిక్‌లు, పేగులోని సూక్ష్మజీవుల పొందిక చెడడం, పుట్టుకతో వచ్చిన జన్యువులు, వీటన్నిటి కలయిక మీదే పరిశోధకుల దృష్టి ఉంది. టిన్ను నీళ్ళు కొనుక్కు తాగే ఇంట్లో, మిగతావాళ్ళంతా బాగుండి ఒక్క పిల్లకే ఆర్నెల్లుగా విరేచనాలు అవుతుంటే అది నీళ్ళ వల్ల ఎలా అవుతుంది? ఈ మాట అడగడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. అమ్మ అడగొచ్చు, మేనమామ అడగొచ్చు, బళ్ళో మేష్టారు అడగొచ్చు. ఎవరం అడగలేదు.

ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ జవాబులు ఇంకా ఎక్కువ. నెత్తురు పడితే మొలలు. పద్నాలుగేళ్ళ పిల్లవాడికి మొలలు రావడం ఎంత అరుదో ఆలోచించకుండా, బస్టాండు గోడ మీద రాసి ఉన్న నంబరుకు ఫోన్ చేస్తాం. కడుపులో మెలిపెడితే వేడి చేసింది, సబ్జా నానబెట్టి ఇవ్వండి, బార్లీ కాచి ఇవ్వండి. బంక పడితే అమీబియాసిస్, మందుల షాపులో మెట్రోనిడజోల్ ఒక షీటు. జ్వరం తగిలితే టైఫాయిడ్. నోట్లో పుళ్ళు లేస్తే బి-కాంప్లెక్స్. కీళ్ళు వాస్తే చలవ. కళ్ళు ఎర్రబడితే కంటి చుక్కలు. చిక్కిపోతే చదువు బెంగ, అదీ కాకపోతే దిష్టి. ఒకే పిల్లవాడికి ఇవన్నీ ఒక ఏడాదిలో వచ్చాయని, కడుపు, కీళ్ళు, నోరు, కన్ను అన్నీ ఒకే జబ్బు మాట్లాడుతున్న చోట్లని కలిపి చూసిన మనిషి లేడు. ఆరెంపీ తన దగ్గరికి వచ్చిన రోజు సంగతి చూశాడు. కంటి డాక్టరు కన్ను చూశాడు. ఇంట్లో ఉన్నది మనం. అన్నీ చూసింది మనమే.

తాడేపల్లిగూడెంలో ఒక ఇంట్లో అలాంటి కుర్రాడి కాగితాలు చూడడం తటస్థించింది. బట్టల షాపు వాళ్ళిచ్చిన జిప్పు కవరులో కుక్కి పెట్టారు. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా చీటీలన్నీ ఉన్నాయి. కింద వైడాల్ పరీక్ష, దాని వెనకే టైఫాయిడ్ మందుల చీటీ. నులిపురుగుల మందు. మల పరీక్షలో “చీము కణాలు ఎక్కువ” అన్న వరస. హిమోగ్లోబిన్ మొదట పదిన్నర, ఏడాదికి తొమ్మిది, ఆ తరవాత ఎనిమిది. ప్రతి చీటీకీ ఒక ఐరన్ సిరప్. మలద్వారం పక్కన కురుపు లేస్తే కోయించిన బిల్లు, నాలుగు నెలలకు అదే చోట మళ్ళీ కోయించిన బిల్లు. మధ్యలో మడత విప్పని పొట్ట స్కానింగ్ రిపోర్టు ఒకటి. చిన్నపేగు చివరి భాగంలో గోడ మందంగా కనిపిస్తోందని, రోగి లక్షణాలతో సరిచూసుకోవాలని అందులో చిన్న అక్షరాలతో ఉంది. ఆ రిపోర్టు తేదీకీ, అతనికి కొలనోస్కోపీ చేసి క్రోన్స్ అని తేల్చిన తేదీకీ మధ్య రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళలో పేగు బిగుసుకుని సన్నబడింది, మూరెడు ముక్క కోసి తీసేయవలసి వచ్చింది. వాళ్ళమ్మ బెల్టు తెచ్చి చూపించింది. కంపెనీ వాళ్ళు వేసిన బెజ్జాలు అయిపోయాక మేకు కాల్చి ఆవిడే మరో మూడు బెజ్జాలు పొడిచింది. “సన్నబడుతున్నాడు అనుకున్నానండీ, పొడుగు సాగే వయసు కదా” అంది. నిజానికి అతను పొడుగు సాగలేదు. తొమ్మిదిలో తోటివాళ్ళకు సమానంగా ఉన్నవాడు ఇంటర్‌కు వచ్చేసరికి ముందు బెంచీలో కూర్చునేంత చిన్నగా మిగిలిపోయాడు. ఆవిడను తప్పుపట్టే అర్హత ఎవరికుంది? ఆ ఇంటికి వచ్చిపోయే చుట్టాలం, పక్కింటివాళ్ళం, ట్యూషన్ చెప్పేవాళ్ళం అందరం ఆ బెల్టును చూస్తూనే ఉన్నాం.

పిల్లల్లో ఈ జబ్బుకు అదొక పెద్ద గుర్తు. పెద్దవాళ్ళకు బరువు తగ్గుతుంది. పిల్లలకు ఎదుగుదలే ఆగిపోతుంది. క్రోన్స్‌లో కొందరికి విరేచనాలు మొదలు కాకముందే ఎత్తు పెరగడం నిలిచిపోతుంది, మీసం రావడం ఆలస్యమవుతుంది, ఆడపిల్ల పెద్దమనిషి కావడం వెనకబడుతుంది. ప్రభుత్వ బడుల్లో పిల్లల ఎత్తూ బరువూ కొలిచి రాస్తున్నారు. పుట్టిన దగ్గర నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలందరినీ పరీక్షించడానికి 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. కొలతలు ఉన్నాయి, రిజిస్టర్లు ఉన్నాయి. పోయినేడు అంకెనూ ఈ ఏడు అంకెనూ పక్కపక్కన పెట్టి, ఈ పిల్ల ఏడాదిలో ఒక్క సెంటీమీటరు కూడా పెరగలేదేమని అడిగే అలవాటు మనకు లేదు. రిజిస్టరు నింపడంతో పని అయిపోయిందనుకున్నాం.

నీలం మాత్రల సంగతీ అంతే. బడికి వెళ్ళే వయసు పిల్లలకు వారానికొకటి చొప్పున ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు. మంచి కార్యక్రమం, ఎందరికో మేలు చేసింది. కైకలూరు వైపు నుంచో, భీమడోలు వైపు నుంచో బడికి వచ్చే ఒక పిల్ల ఏడాది పాటు ఆ మాత్రలు మింగినా నెత్తురు పెరగలేదనుకోండి. మనం ఏమంటాం? సరిగా తినదు అంటాం. నెలసరిలో ఎక్కువ పోతోంది అంటాం. పేగులోంచి రోజూ కొంచెం కొంచెంగా పోతోందేమోనని అడగం. వాపు ఉన్న ఒంట్లో కాలేయం ఒక హార్మోన్‌ను ఎక్కువగా వదిలి, పేగు ఐరన్‌ను పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. అప్పుడు మాత్ర మింగినా సిరప్ తాగినా ఫలితం అంతంతమాత్రమే. మందు వేసినా నెత్తురు పట్టకపోవడమే ఒక కబురు. ఆ కబురును మనం పిల్ల మీద నేరంగా మార్చాం.

ఆ పిల్ల బళ్ళో ఎలా గడిపిందో కూడా చెప్పుకోవాలి. పొద్దున్నే నాలుగైదు సార్లు వెళ్ళొచ్చి, మళ్ళీ వస్తుందేమోనని ఏమీ తినకుండా బస్సెక్కుతుంది. బళ్ళో బాత్రూంకి నీళ్ళుండవు, గడియ ఉండదు. ఇంగ్లీషు పీరియడ్‌లో చెయ్యెత్తితే “ఇందాకే కదా వెళ్ళావు” అంటారు. క్లాసంతా నవ్వుతుంది. తరవాత తను చెయ్యెత్తడం మానేస్తుంది, ఆ తరవాత బడి మానేస్తుంది. గూడెంలో నిట్ ఉంది, పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, ఊరి నిండా కాలేజీలున్నాయి. ఏలూరులో ఇంటర్ హాస్టళ్ళకు లెక్కలేదు. ఈ జబ్బు ఎక్కువగా మొదలయ్యే వయసు పదిహేను నుంచి ముప్పై అయిదు మధ్య. అంటే ఆ వయసు పిల్లలను వేలకు వేలు ఒక్కచోట చేర్చుకున్న ప్రాంతం మనది. హాస్టల్ గదిలో ఎనిమిది మందికి ఒక బాత్రూం, పొద్దున ఆరింటికి వరస. రాత్రి నిద్రలోంచి లేచి విరేచనానికి పరిగెత్తే కుర్రాడు పక్క మంచం వాడికి తెలుస్తాడు. మామూలు కడుపు చికాకు, ఐబీఎస్ అనేది, సాధారణంగా మనిషిని నిద్రలోంచి లేపదు, నెత్తురు పడేలా చేయదు, బరువు తగ్గించదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాలని మనం ఏ క్లాసులో చెప్పాం? జీర్ణవ్యవస్థ బొమ్మ గీసి భాగాలు గుర్తించమని అయిదు మార్కులకు అడుగుతాం. ఆ భాగాలకు ఏమవుతుందో చెప్పం.

వైద్యుల పక్షాన ఒక కష్టం ఉంది, దాన్ని కాదనకూడదు. పేగుల క్షయ కూడా సరిగ్గా అక్కడే, చిన్నపేగు పెద్దపేగు కలిసే చోటే వస్తుంది. జ్వరం, బరువు తగ్గడం, నొప్పి, పుండ్లు అన్నీ ఒకేలా ఉంటాయి. బయాప్సీలో కూడా ఒక్కోసారి తేడా తేలదు. ప్రపంచంలో క్షయ రోగులు అందరికంటే ఎక్కువ ఉన్న దేశం మనది. క్షయను క్రోన్స్ అనుకుని రోగనిరోధక శక్తిని అణిచే మందులిస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే తేలనప్పుడు ముందు క్షయ మందులు మొదలుపెట్టి చూడడం మన దేశంలో ఒప్పుకున్న పద్ధతే. కానీ ఆ పద్ధతిలో రెండో సగం ఉంది. రెండు మూడు నెలలకు మళ్ళీ కొలనోస్కోపీ చేసి పుండ్లు మానాయో లేదో చూడాలి. మానకపోతే దారి మార్చాలి. మన పిల్లల విషయంలో మొదటి సగమే జరిగింది. ఆర్నెల్లు, తొమ్మిది నెలలు, ఒక్కోసారి మరో డాక్టరు దగ్గర మళ్ళీ మొదటి నుంచి. రెండోసారి గొట్టం పెట్టించడానికి మనమే ఒప్పుకోలేదు. “పిల్లవాడికి ఎన్నిసార్లండీ ఆ పరీక్ష” అన్నాం. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ చూసే పరీక్ష ఉంది. అది మామూలుగా ఉంటే పేగులో వాపు లేదని చాలావరకు నమ్మొచ్చు, ఎక్కువగా ఉంటే కొలనోస్కోపీ దాకా వెళ్ళాలి. ఇన్‌ఫెక్షన్‌లో కూడా అది పెరుగుతుంది కాబట్టి దానొక్కదాంతో జబ్బు తేలదు. డబ్బాలో మలం పట్టి ల్యాబుకు ఇవ్వడమే అందులో కష్టం, ఆ పనికి మనకు సిగ్గు అడ్డొచ్చింది. ఇలాంటి పరీక్షలకు వెళ్ళాలన్నా ఏలూరు నుంచి విజయవాడ రైల్లో గంట ప్రయాణం. పెళ్ళి బట్టలకు ఎన్నోసార్లు వెళ్ళొచ్చిన దూరమే.

స్టెరాయిడ్‌ల గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. జబ్బు ఎగదోసినప్పుడు దాన్ని అణచడానికి అవి పనికొస్తాయి. వారం తిరిగేసరికి నొప్పి పోతుంది, ఆకలి పుట్టుకొస్తుంది, మొహం గుండ్రంగా నిండుతుంది. ఆ మొహం చూసి మనం సంబరపడ్డాం. బుగ్గలొచ్చాయి, కోలుకున్నాడు అన్నాం. అది మందు తెచ్చిన వాపని ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. మాత్ర ఆపితే జబ్బు తిరగబెడుతుంది కాబట్టి పాత చీటీ చూపించి షాపులో మళ్ళీ మళ్ళీ కొన్నాం. ఎదిగే పిల్లలకు అవి నెలల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి, ఎదుగుదల మరింత ఆగిపోతుంది. చిన్నపిల్లల క్రోన్స్‌లో ఆరు నుంచి ఎనిమిది వారాలు మామూలు తిండి పూర్తిగా ఆపి, ప్రత్యేకంగా తయారుచేసిన ద్రవాహారం ఒక్కటే ఇచ్చి స్టెరాయిడ్ లేకుండానే జబ్బును అణిచే చికిత్స ఉంది. దాన్ని చాలా దేశాల్లో ముందు వరసలో పెట్టారు. అన్నం పెట్టకుండా పిల్లను ఉంచడం మన ఇళ్ళలో ఏ అమ్మమ్మా ఒప్పుకోదు. ఆవిడను కూర్చోబెట్టి ఎందుకో వివరించే మనిషి కావాలి. మన ఆసుపత్రుల్లో ఒక్కో రోగికి దొరికే అయిదు నిమిషాల్లో అది జరగదు, ఆ అయిదు నిమిషాలే చాలనుకుని టోకెన్ తీసుకుని వచ్చేస్తున్నాం.

ఇదంతా జరిగిన నేల ఏదో గుర్తు చేసుకుంటే బాధ రెట్టింపవుతుంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆయనకూ వయసులో ఉండగా అదే జబ్బు వచ్చింది. అప్పటి వైద్యం చేతులెత్తేస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో బతికాడు. అమెరికా వెళ్ళి, 1945లో లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేయించాడు. ఆ పరిశోధన కొనసాగింపులోనే అదే ప్రయోగశాల నుంచి మెథోట్రెక్సేట్ వచ్చింది. 1995లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ఆ మందు క్రోన్స్‌లో పనిచేస్తుందని నిరూపించింది. ఇవాళ మన పిల్లల్లో కొందరు వారానికొకసారి అదే వేసుకుంటున్నారు, దాని చెడు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా మింగుతున్నారు. పేగుల జబ్బుకు ఇద్దరు తోబుట్టువులను పోగొట్టుకున్న మనిషి ఆ జబ్బు మూలం వెతుక్కుంటూ ప్రపంచమంతా పనికొచ్చే మందులు ఇచ్చాడు. ఆయన పుట్టిన ఊరికి దగ్గర్లోనే ఉండి మనం పేగుల జబ్బు మాట పైకి అనడానికి మొహమాటపడుతున్నాం. ఆయనకు విగ్రహం పెట్టాం, జయంతికి దండ వేస్తాం.

లెక్కల దగ్గరా అంతే. లూథియానా వైద్యులు పంజాబ్‌లో ఇల్లిల్లూ తిరిగి 51,910 మందిని అడిగి, అనుమానం ఉన్నవాళ్ళను పరీక్షించి, 23 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉందని తేల్చారు. లక్షకు 44 మంది చొప్పున. ఆ వివరాలు 2003లో అచ్చయ్యాయి. అంతవరకూ ఇది తెల్లవాళ్ళ జబ్బనీ, మన దేశంలో అరుదనీ అనుకునేవారు. వెతికితే కనబడింది. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు పేగుల బాధలున్న 30 వేలకు పైగా మందిని పరీక్షించి 2023లో ప్రకటించిన ఫలితాల్లో పల్లె వాళ్ళకూ పట్నం వాళ్ళకూ ఐబీడీ పాళ్ళు దాదాపు సమానంగా ఉన్నాయి. అది మన భాష మాట్లాడే పక్క రాష్ట్రంలో చేసిన పని. దాన్ని చదివాక కూడా ఇది డబ్బున్నవాళ్ళ జబ్బు, పిజ్జాలు తినేవాళ్ళ జబ్బు అనుకుంటే అది మన మొండితనం. ఏటా జనవరిలో కొల్లేటి పక్షులను లెక్కిస్తారు, లెక్కించాలి కూడా. ఆటపాకలో గూడబాతులు ఎన్ని వచ్చాయో, ఎన్ని గూళ్ళు పెట్టాయో పత్రికల్లో రాసేవాళ్ళం మేం ఏటా రాశాం. 2006లో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు పేజీలకు పేజీలు రాశాం. ఆ చెరువుల గట్ల మీది ఇళ్ళలో ఎంతమంది పిల్లలు ఆర్నెల్లకు మించి విరేచనాలతో ఉన్నారని ఒక్క వార్త రాయలేదు. అడగడానికి మాకు నోరు రాలేదు, మర్యాదగా ఉండదనుకున్నాం.

ఈ మర్యాద ఎంత ఖరీదైనదో జపాన్‌ను చూస్తే తెలుస్తుంది. ఏలూరులో జనం పడిపోయిన 2020లోనే, ఆగస్టు 28న, ఆ దేశపు ప్రధాని షింజో అబే అల్సరేటివ్ కొలైటిస్ మళ్ళీ ఎగదోసిందని చెప్పి రాజీనామా ప్రకటించాడు. 2007లో దిగిపోవడానికీ అదే కారణం. ఆ జబ్బు ఆయనకు పదిహేడేళ్ళ వయసు నుంచి ఉంది. మందులు వాడుతూ, ఆ దేశాన్ని అందరికంటే ఎక్కువ కాలం పాలించాడు. తన జబ్బు పేరు టీవీ కెమెరాల ముందు చెప్పాడు. జపాన్ ప్రభుత్వం ఈ జబ్బును ప్రత్యేక జాబితాలో పెట్టి చికిత్స ఖర్చులో సాయం చేస్తుంది. మన దగ్గర ఒక పదిహేడేళ్ళ కుర్రాడు పరీక్ష హాల్లో మధ్యలో బయటికి వెళ్ళాలంటే ఆ పేరు ఇన్విజిలేటర్‌కు చెప్పుకోలేడు. చెప్పినా ఆయనకు తెలియదు. తెలియజెప్పే పని మనం చేయలేదు.

జబ్బు బయటపడ్డాక చేసిన తప్పులు మరో వరస. మెసలమిన్‌తో కొందరికి సరిపోతుంది, అజథయోప్రిన్ కొందరికి, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్‌లు కొందరికి. అజథయోప్రిన్ మొదలుపెడితే తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయే జన్యు మార్పు మన ఆసియా వాళ్ళలో కొందరికి ఉంటుంది, అందుకే రక్త పరీక్ష తప్పనిసరిగా చేయించుకుంటూ ఉండాలి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ సాధారణంగా ఎనిమిది వారాలకొకసారి, ఖర్చు తక్కువేం కాదు. మందులు పనిచేసి పిల్ల లేచి తిరగడం మొదలుపెట్టగానే మనం ఏం చేశాం? “ఇంగ్లీషు మందులు ఎన్నాళ్ళు మింగుతావు” అన్నాం. ఫలానా ఊళ్ళో పసరు ఇస్తారట అన్నాం. బాగున్నది మందు వల్లేనని తెలిసీ అన్నాం. పెరుగు మానేయమన్నారు ఒకరు, గోధుమ మానేయమన్నారు ఒకరు, చేప ముట్టొద్దన్నారు ఇంకొకరు. చివరికి ఆ పిల్ల చారన్నం మీద బతికింది, మళ్ళీ చిక్కింది.

ఇక పెళ్ళి మాట. ఆడపిల్లకు ఈ జబ్బు ఉందని తెలిసిన ఇంట్లో పెద్దలు చేసే మొదటి తీర్మానం, ఎక్కడా నోరు జారొద్దని. ఫైలు బీరువా అడుక్కి వెళుతుంది. డాక్టరును కూడా ఊరు మారుస్తారు, తెలిసినవాళ్ళ కంట పడకుండా. అత్తవారింట్లో మందుల డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక ఆ పిల్ల వేసుకోవడం తగ్గిస్తుంది, ఆపేస్తుంది. కొన్నాళ్ళకు జబ్బు తిరగబెడుతుంది, సరిగ్గా కడుపు పండే రోజుల్లో. గర్భం వచ్చేనాటికి జబ్బు అణిగి ఉంటే చాలామందికి కాన్పు మామూలుగానే అవుతుంది. ఎగదోసి ఉన్నప్పుడే గర్భస్రావాలూ నెలలు నిండని కాన్పులూ ఎక్కువ. మెసలమిన్, అజథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ డాక్టరు చూసుకుంటూ గర్భంలోనూ కొనసాగించవచ్చు. మెథోట్రెక్సేట్ మాత్రం గర్భానికి ప్రయత్నించడానికి నెలల ముందే ఆపేయాలి. ఈ సంగతులు ఆమెకు ఎవరైనా చెప్పాలంటే ముందు ఆమె తన జబ్బు పేరు కాన్పుల డాక్టరు దగ్గర పలకాలి, పక్కన అత్తగారు కూర్చుని ఉంటారు. పలకొద్దని ఒట్టు వేయించుకుని పంపినవాళ్ళం మనమే.